మీకు తెలుసా? కర్కాటక రాశిలో ఒక వజ్రకరూరు!

తొలకరి పడిందా, వజ్రకరూరు చేలల్లో జనమే జనం! సద్దిమూట కట్టుకొని వస్తారు. తల వంచుకొని రాళ్లు ఏరుతారు. ఒక్క మెరుపురాయి దొరికితే చాలు, అప్పులన్నీ తీరిపోతాయి! అనంతపురం జిల్లావాళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. కొత్తది చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి. మూడో వంతు వజ్రమే అయి ఉండొచ్చని లెక్క తేలిన గ్రహం ఒకటుంది! దాని పేరు 55 క్యాంక్రి ఇ. ఉన్నదెక్కడో కాదు, మన పంచాంగంలోని కర్కాటక రాశిలోనే. దూరం 41 కాంతి సంవత్సరాలు!

ఆ లెక్క కట్టిందెవరో తెలుసా? మన దేశంలో పుట్టి, వారణాసిలో ఇంజనీరింగ్ చదివిన నిక్కు మధుసూదన్! అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉండగా 2012లో తన బృందంతో కలిసి ఈ మాట బయటపెట్టారు. అక్కడి వజ్రం బరువు ఎంత ఉండొచ్చన్నారు? మూడు భూముల బరువంత! ఇక మన కోహినూర్‌ను ఏ మూల పెట్టాలో మీరే చెప్పండి!

ఆగండాగండి, అప్పుడే సంచీ పట్టుకొని బయల్దేరకండి! తర్వాతి పరిశీలనలు ఆ వజ్రం మాటను కాస్త వెనక్కి లాగాయి. జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపు అటు చూసింది. గ్రహం చుట్టూ వాయువుల పొర ఉన్నట్టు జాడ దొరికిందని 2024లో ప్రకటించారు! కింద కరిగిన రాతి సముద్రం ఉండి, దాంట్లోంచి ఆ వాయువులు పొంగుతుండవచ్చట. పగటి వైపు వేడి ఎంతో తెలుసా? 1,500 డిగ్రీల పైమాటే! వజ్రం ఉన్నా ఏరుకొచ్చే చెయ్యి ఏదీ?

ఇంకో తమాషా! ఆ గ్రహం తన సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టేది 18 గంటలు కూడా కాదు. అంటే పొద్దున ఉగాది పచ్చడి తింటే, అర్ధరాత్రికి మళ్లీ ఉగాది! ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్లూ గిర్రున తిరిగిపోతాయి. పుట్టిన 44 రోజులకే షష్టిపూర్తి!

మళ్లీ ఒక్కసారి మన వజ్రకరూరుకు రండి. అక్కడి వజ్రాలను భూమి లోతుల్లోంచి పైకి మోసుకొచ్చింది కింబర్లైట్ అనే రాయి. దాని వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు! చేలో కాలికి తగిలే బెడ్డకు అంత చరిత్ర!

ఇంతకీ కంటికి కనపడని గ్రహాన్ని టెలిస్కోపు ఎలా పట్టేస్తుంది? దొంగను నీడ చూసి పట్టినట్టే! గ్రహం తన నక్షత్రానికి అడ్డం వస్తుంది. నక్షత్రం వెలుగు ఒక్క పిసరు తగ్గుతుంది. అంతే, దొరికిపోయింది! మన భూమి సూర్యుడికి అడ్డం వస్తే, దూరం నుంచి చూసేవాళ్లకు తగ్గే వెలుగు ఎంతో తెలుసా? పది లక్షల్లో 84 వంతులు మాత్రమే! కెప్లర్ అనే అంతరిక్ష టెలిస్కోపును తయారు చేసింది ఇంత సన్నటి తేడా పట్టడానికే!

కెప్లర్ కథ వింటే మీరు నోరు వెళ్లబెడతారు. 2013 నాటికి దాన్ని కుదురుగా నిలబెట్టే నాలుగు చక్రాల్లో రెండు పాడైపోయాయి. ఇక పని అయిపోయిందనుకున్నారు అందరూ. ఇంజనీర్లు ఏం చేశారో తెలుసా? సూర్యకాంతి తోపుడునే ఊతంగా పెట్టి దాన్ని నిలబెట్టారు! అవును, ఎండ ఆసరాతో! అనంతపురంలో మనం ఎండను తిట్టని రోజుండదు. అక్కడ ఆ ఎండే ఒక టెలిస్కోపు ప్రాణం నిలిపింది. 2018లో ఆగిపోయేలోపు కెప్లర్ పట్టిన గ్రహాలు 2,600 పైనే!

ఎండ అంటే గుర్తొచ్చింది. మీనరాశిలో గ్లీజ్ 12 బి అనే గ్రహం ఉంది. 2024లో ప్రకటించారు. పట్టింది టెస్ అనే అంతరిక్ష టెలిస్కోపు. ఇంచుమించు మన భూమంతే ఉంటుంది. పైన గాలి లేదనుకొని దాని వేడి లెక్కగట్టారు. ఎంత వచ్చిందో ఊహించండి. 42 డిగ్రీలు! ఓస్, ఇంతేనా? మే నెలలో అనంతపురం బస్టాండులో నిలబడ్డవాళ్లను అడగండి, ఆ గ్రహం వాతావరణ సూచన వాళ్లే చెప్పేస్తారు!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా. కుంభరాశిలోని ట్రాపిస్ట్-1 బి గ్రహం మీద ఏడాది పొడుగునా రోహిణి కార్తే! జేమ్స్ వెబ్ దాని పగటి వైపు వేడి కొలిచింది, 2023లో ఆ లెక్క బయటపెట్టారు. 230 డిగ్రీలు! చెప్పుకోదగ్గ గాలి పొర ఉన్న జాడే లేదు. మన దగ్గర కనీసం వేపచెట్టు నీడైనా ఉంది!

ఆ ట్రాపిస్ట్-1 నక్షత్రం ఇంకెంత గట్టిదో చూడండి. మన సూర్యుడి ముందు అదొక మిణుగురు. కానీ దాని చుట్టూ భూమి సైజు గ్రహాలు ఏకంగా ఏడు! 2017లో స్పిట్జర్ టెలిస్కోపు సాయంతో లెక్క తేల్చారు. ఏడుకు ఏడూ, మన బుధుడు సూర్యుడికి ఉన్న దూరం కన్నా దగ్గరలోనే సర్దుకున్నాయి! ఒక గ్రహం మీద నిలబడితే పక్క గ్రహం మన చందమామ కన్నా పెద్దగా కనిపించే వేళలుంటాయట!

ఇక నీళ్ల సంగతి. ఈ మాట వింటే కరువు సీమ వాళ్లకు కడుపు మండుతుంది, ముందే చెబుతున్నా. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న చాలా కాలం ఇసుకై పడి ఉంటుంది. అక్కడ 48 కాంతి సంవత్సరాల దూరంలో ఎల్‌హెచ్‌ఎస్ 1140 బి అనే గ్రహం ఉంది చూడండి. దాని బరువులో 10 నుంచి 20 శాతం నీరే అయి ఉండొచ్చని 2024లో జేమ్స్ వెబ్ పరిశీలనల ఆధారంగా శాస్త్రవేత్తలు చెప్పారు!

10 శాతమే కదా అని తీసిపారేయకండి! నాలుగు వైపులా సముద్రాలున్న మన భూమి బరువులో నీటి వాటా ఎంతో తెలుసా? 0.02 శాతం! నీలి గ్రహం, నీలి గ్రహం అని మనం మురిసిపోవడమే గానీ, నిజానికి మన భూమే ఒక అనంతపురం!

సింహరాశిలో మరో నీటి మూట ఉందంటున్నారు. దాని పేరు కే2-18 బి. ఇక్కడా మన నిక్కు మధుసూదనే! ఇప్పుడాయన ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్నారు. 2023లో జేమ్స్ వెబ్‌తో ఆ గ్రహం గాలిలో మీథేన్, బొగ్గుపులుసు వాయువు పట్టుకున్నారు. 2025లో ఇంకో బాంబు పేల్చారు. మన సముద్రాల్లో నాచులాంటి జీవులు వదిలే ఒక వాయువు జాడ అక్కడా కనిపిస్తోందన్నారు! అంతే, ప్రపంచం ఉలిక్కిపడింది. చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. సంకేతం బలంగా లేదన్నారు. గొడవ ఇంకా తెగలేదు. నన్నడిగితే, తెగేదాకా పండగ చేసుకోకపోవడమే మేలు. దూరం 124 కాంతి సంవత్సరాలు మరి!

రామగిరి కొండల మీద గాలిమరలు చూశారా? రెక్కలు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అదే మరను హెచ్‌డీ 189733 బి గ్రహం మీద పాతితే? రెక్క కాదు, స్తంభమే మిగలదు! అక్కడ గాలి వేగం గంటకు 8,700 కిలోమీటర్లు! అంతటితో అయిందా? ఆ గాలిలో గాజు తునకలు అడ్డంగా వానలా కురుస్తుంటాయని అంచనా! దూరం నుంచి చూస్తే మాత్రం ముచ్చటైన నీలం రంగు. ఆ రంగు పట్టింది హబుల్ టెలిస్కోపు.

అక్కడ ముక్కు కూడా మూసుకోవాలి! ఎందుకంటారా? కుళ్లిన కోడిగుడ్డు వాసన! ఆ కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఆ గ్రహం గాలిలో ఉందని జేమ్స్ వెబ్ 2024లో తేల్చింది. 64 కాంతి సంవత్సరాల అవతలి కంపును ఇక్కడ కూర్చొని పసిగట్టారు!

వేడి వేడి అంటున్నారు, చల్లటిదేమీ లేదా అంటారా? ఉంది! ఎప్సిలాన్ ఇండి అనే నక్షత్రం చుట్టూ గురుగ్రహం కన్నా బరువైన గ్రహం ఒకటి తిరుగుతోంది. జేమ్స్ వెబ్ దాన్ని నేరుగా ఫొటోయే తీసేసింది! 2024లో ఆ ఫొటో విడుదలైంది. గ్రహం వేడి 2 డిగ్రీలు. స్వెట్టరు మరవకండి!

ఇన్ని చూసిన జేమ్స్ వెబ్ అద్దానికి బంగారు పూత పూశారు. అద్దం వెడల్పు ఆరున్నర మీటర్లు. దానికి ఎంత బంగారం పట్టి ఉంటుంది? కిలోలనుకుంటున్నారా? 48 గ్రాములు! ఐదు తులాలు కూడా లేదండీ! మన పెళ్లిళ్లలో ఒక్క హారానికే అంతకు మించి పోస్తారు!

అది ఎక్కడుందో తెలుసా? భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడికి వీపు పెట్టి చీకట్లోకి చూస్తోంది. ఇటు సరిగ్గా ఎదురు దిక్కున, అంతే దూరంలో, సూర్యుడి వైపు ముఖం పెట్టి ఉన్నదెవరో తెలుసా? మన శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన ఆదిత్య-ఎల్1! నడుమ మన భూమి!

శ్రీహరికోట అన్నాక ఇంకో రహస్యం. చంద్రయాన్-3 అనగానే అందరికీ విక్రమ్, ప్రజ్ఞాన్ గుర్తొస్తాయి. కానీ వాటిని చంద్రుడి దాకా మోసుకెళ్లిన బండిలో ఒక చిన్న పరికరం ఉంది. పేరు షేప్. దాని పనేమిటో తెలుసా? చంద్రుడి దగ్గర నుంచి మన భూమినే, ఎరగని గ్రహాన్ని చూసినట్టు చూడటం! ప్రాణం ఉన్న గ్రహం వెలుగు ఎలా ఉంటుందో మన భూమి మీదే పరీక్షించుకుంటే, రేపు దూరపు గ్రహాల్లో అదే ఆనవాలు వెతకొచ్చు. అసలైన కిటుకంటే ఇదీ! 2023 జులై 14న అది ఎగిరింది మన ఆంధ్రా తీరం నుంచే. పేపర్లలో దాని పేరు పెద్దగా కనపడకపోవడం అన్యాయమే!

మన దేశం కూడా గ్రహాల వేటలో ఉందా? ఉంది! రాజస్థాన్‌లోని మౌంట్ అబూ కొండ మీద అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల వాళ్ల టెలిస్కోపు ఉంది. కెప్లర్ ఒక నక్షత్రం వెలుగులో తగ్గుదల చూసింది. అది నిజంగా గ్రహమేనా అని తూచి చెప్పింది మనవాళ్లు! 2018లో ప్రకటించారు. తూకం ఎంత వచ్చిందో తెలుసా? 27 భూముల బరువు!

మన భారతీయుల ఓట్లతో పేరు పెట్టుకున్న గ్రహం కూడా ఉంది తెలుసా? గ్రహం పేరు సంతమస. దాని నక్షత్రం పేరు బిభా. భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరే అది. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఈ పేర్లను ఖాయం చేసింది. సంతమస మీద ఏడాదంటే మన 2 రోజులు!

పంచాంగం చేతిలో ఉంటే ఒకసారి తెరవండి. పూర్వాభాద్ర నక్షత్రం ఉంది కదా, ఆకాశంలో అది రెండు చుక్కలు. ఆ రెండింటి నడుమ ప్రాంతంలోనే 51 పెగాసి అనే మసక చుక్క ఉంది. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ మొట్టమొదట గ్రహం దొరికింది అక్కడే, 1995లో! పేరు పెట్టేటప్పుడు పంతులుగారు పూర్వాభాద్ర అన్నప్పుడల్లా మీకు ఇదే గుర్తు రావాలి!

పునర్వసు కార్తె వస్తే మన చెనిక్కాయ రైతు గొర్రు కట్టి ఆకాశం వంక చూస్తాడు. ఆ పునర్వసులో మెరిసే చుక్క చుట్టూనే ఒక పెద్ద గ్రహం తిరుగుతోందని 2006లో ప్రకటించారు! ఇది మాత్రం నేల మీది టెలిస్కోపుల పని. ఈమధ్య సందేహం కూడా లేచింది. గ్రహం నిజమే అయితే దాని ఏడాది 590 రోజులు. రెండు కార్ల పంట వేసినా ఇంకా టైము మిగులుతుంది!

ఉన్న గ్రహం మాయమైపోతే? అదీ జరిగింది! ఫోమల్‌హాట్ అనే నక్షత్రం దగ్గర గ్రహాన్ని ఫొటో తీశామని హబుల్ బృందం 2008లో సంబరంగా చెప్పింది. తర్వాత తీసిన ఫొటోల్లో అది పలచబడుతూ వచ్చింది. 2014 నాటికి కనపడకుండా పోయింది! గ్రహం కాదు, రెండు మంచు ముద్దలు గుద్దుకుంటే లేచిన దుమ్ము కావచ్చని 2020లో తేల్చారు. 25 కాంతి సంవత్సరాల దూరంలోని దుమ్ము, ప్రపంచం కళ్లలో కొట్టింది!

ఇప్పుడు మీరు మీ కళ్లతో చూడగలిగింది చెబుతాను. దీనికి టెలిస్కోపు అక్కర్లేదు. మే నెలాఖరున రాత్రి పదిన్నర ప్రాంతంలో మిద్దె ఎక్కండి. దక్షిణం వైపు తిరగండి. చెయ్యి చాచి పిడికిలి బిగించి, నేల అంచు నుంచి ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తు కొలవండి. పక్కపక్కనే రెండు పెద్ద చుక్కలు కనిపిస్తాయి. ఎడమ వైపుది, ఎక్కువ మెరిసేది, ఆల్ఫా సెంటారి! సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రాల గుంపు అదే. దూరం 4 కాంతి సంవత్సరాల పైచిలుకు. ఢిల్లీ వాళ్లు ఎంత ఎగిరినా అది నేల అంచును అంటుకునే ఉంటుంది. మనకు మాత్రం మిద్దె మీది నుంచే దర్శనం!

ఆ చుక్క దగ్గర ఏం దొరికిందో తెలుసా? జేమ్స్ వెబ్ 2024 ఆగస్టులో అటు చూస్తే, శనిగ్రహమంత బరువున్న గ్రహంలాంటిది ఒకటి కనిపించింది! మళ్లీ చూశారు, లేదు. ఇంకోసారి చూశారు, లేదు! తిరుగుతూ తిరుగుతూ నక్షత్రానికి మరీ దగ్గరగా పోయి వెలుగులో దాక్కుని ఉంటుందని అంచనా. ఖాయమైతే, సూర్యుడిలాంటి నక్షత్రాల చుట్టూ ఫొటోకు చిక్కిన గ్రహాల్లో అన్నిటికన్నా దగ్గరిది ఇదే అవుతుంది!

ఇప్పటిదాకా మొత్తం ఎన్ని గ్రహాలు ఖాయమయ్యాయి? 2025 సెప్టెంబరులో లెక్క 6,000 దాటింది! 1990కి ముందు పుట్టినవాళ్లు బడిలో చదివింది తొమ్మిదే. వాటిలోంచీ ప్లూటోను తీసేశారు!

ఇవన్నీ పెద్ద పెద్ద శాస్త్రవేత్తల పనులు, మనకెందుకంటారా? 2019లో అమెరికాలో ఒక హైస్కూలు కుర్రాడు వేసవి శిక్షణకు నాసాలో చేరాడు. టెస్ పంపిన సమాచారం తిరగేస్తున్నాడు. చేరిన మూడో రోజే ఒక గ్రహం పట్టేశాడు! అదీ రెండు సూర్యుళ్లున్న గ్రహం! వాడి వయసు 17!

మామూలు జనమూ పట్టారు! 2012లో ఇళ్లలో కూర్చున్న ఔత్సాహికులు కెప్లర్ గీతలు చూసి ఒక గ్రహాన్ని బయటికి లాగారు. ఆ గ్రహం ఉన్న కుటుంబంలో సూర్యుళ్లు ఎన్నో తెలుసా? నాలుగు!

అనంతపురం, కదిరి, గుంతకల్లు, ధర్మవరం కాలేజీ పిల్లలూ, ఇది మీకే! ఇంటర్నెట్‌లో జూనివర్స్ అనే చోట ప్లానెట్ హంటర్స్ టెస్ అనే వేదిక ఉంది. టెస్ చూసిన నక్షత్రాల వెలుగు గీతలు తెర మీదికి వస్తాయి. ఎక్కడ చిన్న గుంట పడిందో వేలితో గుర్తు పెట్టడమే మీ పని. డిగ్రీ అడగరు. వయసు అడ్డం రాదు. ఫీజు సున్నా! రీల్స్ చూసే టైములో ఒక్క పావుగంట పక్కన పెట్టండి. ఇవాళే చేరండి!